డబ్బాలో పూసలు

కిందటి వారం కథలో మనం మామగారి మెకానిక్ షెడ్డు గుమ్మంలో ఆగాం. డాక్టరమ్మగారి నీలం కారు మూడోసారి తిరిగొచ్చింది. ఎత్తెక్కితే బలం చాలదు, నాలుగు మైళ్ళకే వేడెక్కిపోతుంది, వేడిమీద ఆపి మళ్ళీ స్టార్ట్ చేయబోతే సెల్ఫ్ తిరగలేక తన్నుకుంటుంది. డాక్టరమ్మ కోప్పడలేదు. తాళంచెవి బల్లమీద పెట్టి, "ఆదివారం పొద్దున ఆరింటికి మా అక్క దగ్గరికి బయల్దేరుతున్నాను. ఒక్కదాన్నే. కొండదారి. ఇది నన్ను తీసుకెళ్తుందో లేదో రేపు సాయంత్రంలోగా చెప్పండి, చాలు" అని వెళ్ళిపోయింది. ఆవిడ వెళ్ళాక మామగారు చేతులు తుడుచుకుంటూ గోడతో అన్నట్టు అన్నారు: "ఈ ఇంజను నా మాట వినకపోతే ఈ షెడ్డు తలుపు నేనే మూసేస్తాను."

షెడ్డుకీ వంటింటికీ మధ్య ఒక్క కిటికీయే అడ్డం. ఆ మాట కోడలి చెవిన పడింది. ఆయన ఊరికే అనే మనిషి కాదని ఆమెకి తెలుసు.

శనివారం పొద్దున ఏడింటికే మామగారు కారు బయటికి తీశారు.

"అమ్మాయ్, పుస్తకం, పెన్సిలు పట్టుకుని పక్కన కూర్చో. వేడిముల్లు ఎక్కడుందో నిమిషానికోసారి రాయి. నేను రోడ్డు చూడాలా, ముల్లు చూడాలా?"

పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన తొమ్మిదేళ్ళుగా షెడ్డులో రాతపని ఆమెదే. కాలేజీలో ఫిజిక్స్ చదివిన పిల్ల అని మొదటి నెలలోనే మామగారు ఒక లావుపాటి పుస్తకం ఆమె చేతిలో పెట్టారు. ఏ బండి వచ్చింది, ఏం రోగం, ఏం చేశారు, ఎలా వెళ్ళింది, అన్నీ అందులో ఉంటాయి. నీలం కారుకి అప్పటికే ఆరు పేజీలు అయ్యాయి. సిలిండర్లు బోరు చేయించడం, పాతవి దొరక్క ఎత్తు పిస్టన్లు వేయడం, సిలిండర్ల పైమూత హెడ్డు చెక్కించడం. ఆ కొత్త పిస్టన్ల నెత్తి ఉబ్బెత్తుగా ఉంటుంది. దానికి తోడు హెడ్డు చెక్కడంతో లోపల గాలి నలిగే చోటు బాగా తగ్గిపోయింది. ఎంత నలిగితే అంత బలం. అయితే అలాంటి ఇంజనుకి ముక్కుమీద కోపం. ఆ తర్వాతి పేజీల్లో కార్బొరేటర్ మూడుసార్లు, ప్లగ్గులు, వైర్లు, కాయిల్, కండెన్సర్, రేడియేటర్ కడగడం. ఇంక మార్చడానికి కారు రంగొక్కటే మిగిలింది.

ఊళ్ళో ఎత్తు అంటే రైలుపట్టాల మీది వంతెన. షెడ్డులో బాగుపడిన ప్రతి బండీ ఆ వంతెన ఎక్కి పరీక్ష రాయాల్సిందే. చదును రోడ్డు మీద నీలం కారు బుద్ధిగానే నడిచింది. వంతెన మొదలవగానే మామగారు మూడో గేరులో ఉంచి కాలు గట్టిగా నొక్కారు. కారు బరువుగా ఊపిరి పీల్చుకుంది. సరిగ్గా సగం ఎత్తులో కోడలికి ఒక చప్పుడు వినిపించింది. సన్నగా, గలగలమని, ఇంజను రొద మీద తేలుతున్నట్టు.

"ఏంటి మామయ్యా ఆ గలగల?"

"ఏ గలగల?"

"సన్నగా వస్తోంది, ఎత్తెక్కుతుంటే."

"నీ సంచిలో మీ అత్తయ్య తాళాలగుత్తి ఉంది కదూ? ఇంట్లో తలుపులు నాలుగు, ఆవిడ గుత్తిలో తాళాలు పద్నాలుగు. గలగలమనక ఏం చేస్తాయి?"

కోడలు నవ్వింది. రెండోసారి ఎక్కుతున్నప్పుడు గుత్తిని తీసి గుప్పిట్లో బిగించి పట్టుకుంది. గలగల వచ్చింది. కిందికి దిగాక డాష్‌బోర్డు అర ఖాళీ చేసింది. రెండు మరలు, ఒక టార్చి, డాక్టరమ్మగారి పాత కళ్ళజోడు బయటపడ్డాయి. అన్నింటినీ గుడ్డలో చుట్టి వెనకసీట్లో పడేసింది.

"కారు దులుపుతున్నావా, పరీక్షిస్తున్నావా?" అన్నారు మామగారు.

మూడోసారి కూడా వచ్చింది. ఎత్తు సగం నుంచి మొదలై, వంతెన నడినెత్తిన ఆయన కాలు తీయగానే ఠక్కున ఆగిపోయింది. అప్పుడు గుర్తుపట్టింది కోడలు. తగరపు డబ్బాలో గాజుపూసలు పోసి ఆడించినట్టుంది ఆ చప్పుడు.

ఆ పోలిక ఆమెది కాదు, మామగారిదే. పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాడికీ ఆయన చెప్పే మొదటి పాఠం వంటింటి కిటికీలోంచి ఆమె ఎన్నిసార్లు విందో లెక్కలేదు. "ప్లగ్గులో నిప్పురవ్వ ఎప్పుడు రావాలో డిస్ట్రిబ్యూటర్ చెప్తుంది. దాన్ని కొంచెం కొంచెం ముందుకి తిప్పుకుంటూ పో. బండిని ఎత్తెక్కించు. డబ్బాలో పూసలు ఆడించినట్టు వినిపించిందా, నిప్పు తొందరపడుతోందన్నమాట. అక్కణ్ణించి ఒక్క వెంట్రుకవాసి వెనక్కి తిప్పి బిగించెయ్. అదే ఆ ఇంజనుకి మంచి ముహూర్తం."

కోడలు తల తిప్పి మామగారిని చూసింది. ఆయన నోరు కొంచెం తెరిచి, మెడ ముందుకి వంచి, కళ్ళు సగం మూసి వింటున్నారు. అంత శ్రద్ధగా వినే ముఖాన్ని ఆమె ఇంకెక్కడా చూడలేదు. ఆ ముఖానికి ఏమీ వినపడటం లేదు.

"మామయ్యా, ఒకవేళ ఆ నిప్పు టైమింగ్ గానీ..."

"దాని జోలికి పోకు. ఈ బండిలో నేను నమ్మేది అదొక్కటే. నా చెవితో పెట్టాను."

"ఒకసారి టైమింగ్ లైటు పెట్టి చూస్తే?"

"లైటు ఏం చూస్తుంది? కప్పీమీద గీత చూస్తుంది. ఆ గీత పాత పిస్టన్లకి గీసింది. నెత్తిమీద కొండలున్న పిస్టన్లు వస్తాయని ఆ గీతకి కల వచ్చిందా?" అని, గేరు మారుస్తూ, "ఆ లైటు మాట వాడూ అనేవాడు" అన్నారు.

వాడంటే పెద్దశిష్యుడు. పన్నెండేళ్ళు ఈ షెడ్డులోనే పెరిగినవాడు. మూడేళ్ళ కిందట, "చెవితో బళ్ళు బాగుచేసే రోజులు పోయాయి గురువుగారూ" అనేసి, బజారు చివర మెషిన్లతో సొంత షెడ్డు పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. కోడలు వేడిముల్లు ఎక్కడుందో రాసింది. అది ఎర్రగీతకి రెండు వేళ్ళ దూరంలో ఉంది.

ఇంటికొచ్చాక మామగారు బానెట్ ఎత్తి ఆరు ప్లగ్గులూ విప్పి తెల్లగుడ్డ మీద వరసగా పేర్చారు. ఒక్కోదాన్నీ ఎత్తి చేయిచాచి దూరంగా పట్టుకుని చూశారు.

"కాస్త తెల్లబడ్డాయి, అంతే. పెట్రోలు కొంచెం పెంచుదాం. బలం చాలట్లేదు కాబట్టి టైమింగ్ ఇంకో వెంట్రుకవాసి ముందుకి ఇద్దాం."

అంటే నిప్పు ఇంకా తొందరపడుతుంది. "ఒక్క నిమిషం ఆగండి మామయ్యా. టీ తెస్తాను."

ఆమెకి కావాల్సింది టీ కాదు, కాలేజీనాటి భూతద్దం. వంటింటి బల్ల సొరుగులో కత్తెరలు, దారపుండల కింద ఎక్కడో ఉండాలి. అడుగున చెయ్యి పెట్టి వెతుకుతుంటే పాత కాగితంలో చుట్టిన చిన్న పొట్లం తగిలింది. విప్పి చూస్తే కెటిల్ మూతి ఈల. నీళ్ళు మరిగితే ఇల్లంతా కేకపెట్టే ఈల. రెండేళ్ళ కిందట పగిలిపోయిందని అత్తగారు చెప్పిన ఈల. దానిమీద ఒక్క గీతయినా లేదు.

"అత్తయ్యా, ఇది పగిలిపోయిందన్నారుగా?"

పొయ్యి దగ్గర నిలబడ్డ అత్తగారు వెనక్కి తిరగలేదు. "సొరుగు మూసెయ్."

"బాగానే ఉంది కదా."

"ఈలకేం, బాగానే ఉంటుంది."

కోడలు కదల్లేదు. అత్తగారు మంట తగ్గించి, పైటచెంగుతో చేతులు తుడుచుకుని, కిటికీ వైపు ఒకసారి చూసింది.

"ఇది ఈలవేసిన మరుక్షణం ఆయన గుమ్మంలో ఉండేవారు. ఒకరోజు వేసింది, రాలేదు. పనిలో ఉన్నారనుకున్నాను. మర్నాడూ రాలేదు. మూడోనాడు వచ్చి, 'ఏమోయ్, ఇవాళ టీ పెట్టలేదా' అని అడిగారు. అప్పటికి కెటిల్ ఆయన పక్కనే కూస్తోంది. ఆ సాయంత్రమే పీకి దాచేశాను. అప్పట్నించి నేనే వెళ్ళి భుజం తడుతున్నాను."

"ఆయనకి చెప్పలేదా?"

"ఏమని చెప్పనే? నలభైయేళ్ళు ఈ ఊరు ఊరంతా నమ్మింది ఆ చెవినే. మాటలు వినపడుతున్నాయి. ఇంజనూ వినపడుతోంది. సన్నచప్పుడు ఒక్కటి పోతే ఏం కొంప మునుగుతుందిలే అనుకున్నాను."

"ఆయన పనికి కావాల్సింది ఆ సన్నచప్పుడే అత్తయ్యా." కోడలు గొంతు తగ్గించి, పూసల సంగతి చెప్పింది. లోపల పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే మంట అంటుకుని దాని నెత్తిమీద మోదుతోంది. ఇలాగే కొండెక్కిస్తే పిస్టన్‌కి కన్నం పడుతుంది. ఆ దారిలో డాక్టరమ్మ ఒక్కతే ఉంటుంది.

అత్తగారు కోడలి దగ్గరికి జరిగింది. "అయితే నువ్వే తిప్పెయ్యకూడదూ? ఆయన భోజనానికి లోపలికొచ్చినప్పుడు వెళ్ళి, ఆ తిప్పేదేదో కాస్త వెనక్కి తిప్పేసి రా. నిన్నెవరు చూస్తారు? బండి బాగుపడుతుంది, ఆయన పరువూ దక్కుతుంది."

అది కోడలికి రాని ఆలోచన కాదు. వంతెన మీంచి ఇంటికొచ్చే దారంతా అదే ఆలోచించింది.

"దీన్ని తిప్పుతాను. సోమవారం వచ్చే బండినో? ఆ తర్వాతదాన్నో?" అంది. "మీరు రెండేళ్ళు భుజం తట్టారు. ఇకమీదట నేను కూడా తట్టనా?"

కోడలు సొరుగులోంచి భూతద్దం వెతికి తీసుకుని షెడ్డులోకి నడిచింది.

"టీ ఏదీ?" అన్నారు మామగారు. ఆయన చేతిలో రెంచి ఉంది.

"వస్తోంది. మూడో ప్లగ్గుని ఒకసారి దీంట్లోంచి చూడండి."

"భూతద్దమా? ఇంట్లో దొంగలు పడ్డారా ఏంటి?" నవ్వుతూనే తీసుకున్నారు. వెలుతురు వైపు తిరిగి చూశారు. నవ్వు అలాగే పెదాల మీద ఆగిపోయింది. ప్లగ్గు లోపలి తెల్లటి పింగాణీ మీద మిరియాలపొడి చల్లినట్టు చుక్కలు. వెలుతురులో అవి మిలమిలమంటున్నాయి. గోటితో గీకారు. పోలేదు. నాలుగోది చూశారు. ఒకటోది చూశారు. ఆరూ చూసి, వరస తప్పకుండా ఎక్కడివక్కడ పెట్టి, స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"అల్యూమినియం" అన్నారు. "పిస్టన్ నెత్తి కరిగి వచ్చి అంటుకుంది."

కోడలు నిలబడే ఉంది.

"ఇలా అవ్వాలంటే ఇంజను కొట్టుకుంటూ ఉండాలి. ఒకరోజు కాదు, చాలా రోజులుగా."

"అవును మామయ్యా."

"నేను వినలేదే."

ఆయన తలెత్తి చూశారు. "నువ్వు విన్నావా?"

"పొద్దున మూడుసార్లూ విన్నాను. అవి తాళాలు కాదు మామయ్యా. డబ్బాలో పూసలు."

"నాకు వినపడనిది నీకు వినపడిందంటావ్." గొంతు పెంచలేదు ఆయన. పెంచి ఉంటే బావుండుననిపించింది కోడలికి. ఏమో, పొరబడ్డానేమో అనేస్తే ఈ క్షణం గడిచిపోతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"వినపడింది" అంది.

అప్పుడే వంటింటి కిటికీ అవతల కెటిల్ కూసింది. కోడలి పళ్ళు పులిసేంత సన్నగా, గట్టిగా. అత్తగారు కెటిల్ పక్కనే నిలబడి ఇటే చూస్తోంది. మామగారు ముందు కోడలి ముఖం చూశారు, ఆమె చూపు వెంట కిటికీ చూశారు. కెటిల్ మూతి దగ్గర ఈల, దాని చిల్లుల్లోంచి నిటారుగా లేస్తున్న ఆవిరి.

"ఈల పెట్టావా?" అని భార్యని అడిగారు.

"పెట్టాను."

"మోగుతోందా?"

అత్తగారు తల ఊపింది. మామగారు ఆ ఆవిరిని తదేకంగా చూస్తూ కూర్చున్నారు. ఆవిడ పొయ్యి కట్టేసేదాకా చూశారు.

"రెండేళ్ళుగా దాచావన్నమాట" అన్నారు చివరికి. "పగిలిందన్నావు."

"అన్నాను."

"అబద్ధం చెప్పడం నీకు రాదనుకున్నాను."

"అవసరం పడితే అదే వస్తుంది" అంది అత్తగారు కళ్ళు తుడుచుకుంటూ.

ఆయన లేచి కారు దగ్గరికి వెళ్ళి డిస్ట్రిబ్యూటర్ మీద అరచెయ్యి ఆనించారు, జ్వరం చూస్తున్నట్టు. "బలం లేదని డాక్టరమ్మ అన్నప్పుడల్లా దీన్ని ముందుకి తిప్పాను. పూసలు వినిపించేదాకా ముందుకి, వినిపించాక వెనక్కి. పూసలే వినిపించకపోతే ఆగేదెక్కడ? మూడుసార్లు ఆవిడ తెచ్చింది, మూడుసార్లూ ఇంకాస్త పాడుచేసి పంపాను." జేబులోంచి సుద్దముక్క తీశారు. "పుస్తకం తెచ్చుకో. పద."

ఉన్నచోట సుద్దగీత పెట్టి డిస్ట్రిబ్యూటర్‌ని కొంచెం వెనక్కి తిప్పి బిగించారు. కొత్త ప్లగ్గులు వేశారు. వంతెన మొదట్లో, "ఊఁ, ఇప్పుడు నువ్వు విను" అన్నారు.

"ఉన్నాయి" అంది కోడలు సగం ఎత్తులో.

దిగి, ఇంకొంచెం తిప్పి, మళ్ళీ ఎక్కించారు.

"తగ్గాయి."

"తగ్గడమంటే ఎంత? గుప్పెడా, చిటికెడా?"

"చిటికెడు."

మూడోసారి ఆమె ఊపిరి బిగబట్టి వింది. ఇంజను హోరు తప్ప ఇంకేమీ లేదు. వంతెన నెత్తి వచ్చేసింది. నమ్మకం కుదరక ఇంకోసారి ఎక్కించమంది. ఈసారి మామగారు కాలు నేలకి ఆనేలా నొక్కారు. నీలం కారు ఎవరో వెనకనుంచి తోసినట్టు ఎత్తంతా ఎక్కేసింది. వేడిముల్లు సగం దగ్గరే నిలబడింది. పైన పక్కకి ఆపి ఇంజను కట్టేసి, వెంటనే మళ్ళీ తాళం తిప్పారు. సెల్ఫ్ తన్నుకోలేదు. ఒక్క తిప్పుకే అందుకుంది.

మామగారు స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని ఇంజను మెత్తగా తిరుగుతుంటే వింటూ కూర్చున్నారు. ఆ చప్పుడు ఆయనకి వినపడుతూనే ఉంది.

"డాక్టరమ్మకి సాయంత్రం నేనే చెప్తాను. రోగం బండిది కాదని కూడా చెప్తాను" అన్నారు. తర్వాత కోడలి వైపు తిరిగి, "ఆ చెవులు రెండూ జాగ్రత్త. ఇకమీదట అవి షెడ్డు సామాను" అన్నారు.

షెడ్డు తలుపు మూయడం గురించి ఆయన మాట్లాడలేదని కోడలు గమనించింది. గమనించి, అడక్కుండా ఊరుకుంది.

"పుస్తకంలో రెండేళ్ళవీ తియ్యి. నా చెవితో టైమింగ్ పెట్టినవి చదువు."

ఆమె ఒక్కోటీ చదివింది. "అది పర్లేదు. మెత్తటి ఇంజను, ఎంత తొందరపెట్టినా ఊరుకుంటుంది" అనేవారు ఆయన. "దాన్ని సోమవారం పిలిపిద్దాం." "అది అమ్మేశారు, కొన్నవాళ్ళని కనుక్కోవాలి." పేజీలు తిరుగుతుంటే ఇద్దరికీ కాస్త ధైర్యం వచ్చింది.

"ఆకుపచ్చ కారు. నాలుగు నెలలయింది. ఎత్తు పిస్టన్లు, హెడ్డు చెక్కించి తెచ్చారు. మనం టైమింగ్ ఒక్కటే పెట్టాం. ఎవరో బావమరిది తీసుకొచ్చినట్టు రాశాను."

మామగారు ఇంజను కట్టేశారు.

"అది ఆ బావమరిది బండి కాదు. వాడిది."

"పెద్దశిష్యుడిదా?"

"నా ఎదటికి రావడానికి మొహం చెల్లక బావమరిది చేత పంపాడు. ఇంజను మొత్తం వాడే కట్టుకున్నాడు. మెషిన్లన్నీ పెట్టి చూసుకుని, ఆఖరి ముడి వేయించుకోవడానికి నా చెవి దగ్గరికి పంపాడు. బానెట్ ఎత్తగానే తెలిసింది. వాడి చేతి బిగింపు నాకు తెలీదూ? తెలియనట్టే చేసి పంపించాను." ఆయన ఎదురుగా పట్టాల వైపు చూస్తున్నారు. "ఆ రోజు ఇంటికొచ్చి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను. మీ అత్తయ్య ఎందుకని అడిగింది. చెప్పలేదు."

కోడలు ఆ పేజీ మీద వేలు అలాగే ఉంచింది.

"ప్రతి శనివారం వాడు ఆ కారేసుకుని కొండెక్కుతాడని విన్నాను" అన్నారు.

"ఇవాళ శనివారం మామయ్యా."

"ఫోన్ కలుపు. నేనే మాట్లాడతాను."

పుస్తకం వెనక అట్టమీద పాత నంబరు ఇంకా ఉంది. ఎవరూ కొట్టెయ్యలేదు. కోడలు కలిపి ఆయన చేతికిచ్చింది. శిష్యుడు ఎత్తలేదు. ఇంటి నంబరు కలిపింది. అవతల ఎవరో ఎత్తారు. మామగారు, "నేనమ్మా, పాత షెడ్డు నుంచి" అన్నారు. కాసేపు విన్నారు. మెడ వంచి, కళ్ళు సగం మూసి, వంతెన మీద విన్నంత శ్రద్ధగా విన్నారు. తర్వాత ఫోన్ కోడలికి అందించారు.

"వాడి భార్య. గొంతు మరీ సన్నం, మాటలు అందట్లేదు. నువ్వు విని చెప్పు."

కోడలు ఫోన్ చెవికి ఆనించింది.

"అక్కా, మీరేనా? ఇందాకటినుంచీ గురువుగారికి ఎలా చెప్పాలో తెలీక ఏదేదో అంటున్నాను. ఆయన కొండమీద సగం దారిలో ఆగిపోయారట. ఇంజనులోంచి పొగ వచ్చి పిస్టన్ పగిలిందట. పిల్లలిద్దరూ కూడా ఉన్నారు, ఎవరికీ ఏం కాలేదు, రోడ్డు పక్కన కూర్చున్నారు. ఫోన్ చేసి ఒక్కటే చెప్పారక్కా. టైమింగ్ ఎవరు పెట్టారని ఎవరడిగినా నేనే పెట్టుకున్నాననే చెప్పు, గురువుగారి చెవిన మాత్రం పడనీయకు అన్నారు."

మామగారు కోడలి ముఖంలోకి చూస్తూ ఉన్నారు.

"ఏమంటోందమ్మా?"